వలస (కలోనియల్) ఆలోచనను వదిలించుకోవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సర్వేలు, ప్రాజెక్టులు చేసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులోనూ నెల్లూరులోనూ సర్వే టీమ్‌లకు ట్రైనింగ్ ఇచ్చే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. బ్యాచ్ మారుతుంది, సందేహాలు మాత్రం అవే. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివే పిల్లలు అడిగేవే స్వచ్ఛంద సంస్థల్లో ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళూ అడుగుతారు. విదేశీ యూనివర్సిటీలతో కలిసి పనిచేసే పరిశోధక విద్యార్థులు రాత్రిపూట వాట్సాప్‌లో పెడుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## పని మొదలుపెట్టక ముందు

బ్రిటిష్‌వాళ్ళు 1947లోనే వెళ్ళిపోయారు కదా, ఇంకా ఈ వలస ఆలోచన ఏమిటి?

మనుషులు వెళ్ళిపోయారు, వాళ్ళు రాసిన రిజిస్టర్లు ఉండిపోయాయి. మన రెండు జిల్లాల రైతులకు ఈ మాట వివరించక్కర్లేదు, చుక్కల భూమి అంటే చాలు. వందేళ్ళ కిందటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పొలమైనా సరే, ఆ చుక్కల వల్ల రిజిస్ట్రేషన్ జరగదు, బ్యాంకు లోను రాదు. దీనికోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. 2023 మేలో కావలిలో సభ పెట్టి ఈ భూములకు హక్కులు ప్రకటించారు. ఆ లోపల ఎన్ని కుటుంబాల్లో పెళ్ళిళ్ళు, చదువులు ఆ చుక్కల దగ్గర ఆగిపోయాయో ఆలోచించండి.

ఆ రిజిస్టర్ వెనక ఉన్న ఏర్పాటును చూడండి. ఒకరు అడుగుతారు, రాసుకుంటారు, తేలుస్తారు. ఇంకొకరు చెప్పి పక్కన నిలబడతారు. తప్పు రాస్తే నష్టం చెప్పినవాడిది. రాసినవాడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. వలస ఆలోచన అని నేను అనేది ఈ ఏర్పాటునే. ట్యాబ్ పట్టుకుని వెళ్ళి, గంటన్నర సేపు ప్రశ్నలు అడిగి, మళ్ళీ ఆ ఊరి మొహం చూడని సర్వే కూడా ఇదే ఏర్పాటు మీద నడుస్తోంది.

వదిలించుకోవడం అంటే చదివిన చదువంతా మర్చిపోవాలా?

అక్కర్లేదు. శాంపిల్ ఎలా తీయాలో, లెక్క ఎలా కట్టాలో తెలియకుండా మంచి మనసు ఒక్కదానితో పరిశోధన సాగదు. వదలాల్సింది ఒక్కటే: 'మాకు తెలిసింది జ్ఞానం, వాళ్ళకు తెలిసింది అనుభవం' అనే లెక్క.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్ళు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు సంగతే తీసుకోండి. ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని 1930ల మొదట్లోనే ఆంధ్ర రైతులు గమనించారు. 1937లో వైద్య పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో మనుషులకు వస్తున్న ఫ్లోరోసిస్ గురించి వ్యాసం ప్రచురించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర ఎవరు రాసినా ఆ వ్యాసంతోనే మొదలుపెడతారు. నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడ్ అని తేల్చడానికి లాబ్ కావాలి. ఎద్దు నడక మారిందని పట్టుకోవడానికి రోజూ దాని వెనక నడిచే మనిషి కావాలి. రెండూ విద్యలే. పేరు మాత్రం ఒకదానికే మిగిలింది.

మేం ఇక్కడివాళ్ళమే, తెలుగులోనే మాట్లాడతాం. ఈ గొడవ మాకెందుకు?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. నన్ను ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా రిజిస్టర్లలో రాసి, సెటిల్‌మెంట్లు అనే కాపలా కాలనీల్లో పెట్టి, హాజరు పిలిచారు. కావలిలో అలాంటి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నడిపారు. బాపట్ల పక్కన స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. 'మేం వాళ్ళను బాగుచేస్తున్నాం' అని రెండు సంస్థలూ నమ్మాయి. 1952లో చట్టం రద్దయింది. కానీ ఊళ్ళో దొంగతనం జరిగితే ఈ రోజుకీ అందరి చూపూ ముందు ఏ గుడిసెల వైపు తిరుగుతుందో మనకు తెలుసు. ఆ చూపు ఇప్పుడు తెల్లదొరది కాదు. మనది.

ఒకసారి ఒక సర్వే టీమ్ యానాది కాలనీకి బయల్దేరుతుంటే సూపర్‌వైజర్ అందరినీ నిలబెట్టి, "ఫోన్లు, పర్సులు జాగ్రత్తండీ" అన్నాడు. మన జిల్లా మనిషే, మంచివాడే. అందరూ తలూపారు. నేనూ అక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు. ఆ రోజు ఆ టీమ్ ఎవరి ఇంట్లోనూ మంచినీళ్ళు కూడా తాగకుండా సర్వే ముగించింది. వాళ్ళు తెచ్చిన డేటాలో ప్రతి ఇంటి జవాబూ ఒకేలా, రెండు ముక్కల్లో ఉంది. జాగ్రత్త పడ్డది రెండు వైపులవాళ్ళూ.

భాష ఒకటైనంత మాత్రాన దూరం పోదు. కులం, చదువు, టౌను, జీతం, అన్నీ మనతోపాటే బండి ఎక్కి వస్తాయి. లండన్ నుంచి వచ్చిన పరిశోధకురాలికి తాను పరాయిదాన్నని కనీసం గుర్తుంటుంది. మనకు అది కూడా ఉండదు.

విదేశీ నిధులతో నడిచే ప్రాజెక్టంటేనే తప్పా?

కాదు. డబ్బు ఎక్కడిదన్నది ఒక ప్రశ్న, నిర్ణయం ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. విదేశీ డబ్బుతో ఊరి మాట వినే ప్రాజెక్టులు చూశాను. జిల్లా కేంద్రంలోనే తయారై, ఊరిని ఒక్క ముక్క అడగని పథకాలూ చూశాను.

'లబ్ధిదారు', 'అవగాహన కల్పించడం' లాంటి మాటలు వాడొద్దంటారు. మాట మారితే పని మారుతుందా?

మాట ఒక్కటే మారితే ఏమీ మారదు. అయినా మాట దగ్గర ఆగి చూస్తే దాని వెనక ఏముందో కనిపిస్తుంది. 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రసంగంలో ప్రపంచంలో సగానికి పైగా ఉన్న జనం వెనుకబడిన ప్రాంతాలవాళ్ళు అన్నట్టుగా మాట్లాడి, వాళ్ళకు సాంకేతిక సాయం చేస్తామని ప్రకటించాడు. ఆ వరుసలో ముందెవరు, వెనకెవరు అన్నది ఆ వేదిక మీదే తేలిపోయింది. మన ఆఫీసుల్లో వాడే 'వెనుకబడిన మండలం' కూడా అదే వరుసలోది.

'అవగాహన సదస్సు' అన్న మాట నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వచ్చినవాళ్ళకు అవగాహన లేదని బ్యానర్ మీదే రాసేశాం. ఫ్లోరైడ్ నీళ్ళు తాగొద్దని కనిగిరి వైపు ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళ మోకాళ్ళే చెబుతాయి. తాగడానికి ఇంకో నీళ్ళు ఎక్కడున్నాయన్నది వాళ్ళ ప్రశ్న. దానికి సదస్సులో జవాబు ఉండదు. నేను 'సమావేశం' అని రాస్తాను, 'లబ్ధిదారు' బదులు 'పాల్గొన్నవారు' అనో 'కుటుంబం' అనో రాస్తాను.

## ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు

ప్రశ్నలన్నీ ఢిల్లీలోనో లండన్‌లోనో తయారై వస్తాయి. మేం మార్చడానికి ఏముంటుంది?

చాలా ఉంటుంది. ఫారం ఎక్కడ తప్పిందో ముందుగా తెలిసేది ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగే ఎన్యూమరేటర్‌కే.

కోవూరు వైపు ఒక రైతు ఇంటి అరుగు మీద జరిగింది చెబుతాను. మా టీమ్ అమ్మాయి ట్యాబ్ తెరిచి, "పోయిన ఖరీఫ్‌లో వరి ఎంత పండింది?" అని అడిగింది. ఫారంలో అదే ప్రధాన పంట. ఖాళీ వదిలితే ముందుకు కదలదు. నెల్లూరులో పెద్ద పంటకు వాన ఇచ్చేది ఈశాన్య రుతుపవనం. ఇక్కడ అసలు పంట రబీ. వేసవిలో కాలువ నీళ్ళు దొరికితే వేసేది ఎడగారు. ఆ రైతుకు ఏం చెప్పాలో తోచలేదు. "ఎడగారు వెయ్యలేదమ్మా, నీళ్ళు రాలా" అన్నాడు. మా అమ్మాయి సున్నా కొట్టింది. తర్వాత "రబీలో ఎన్ని క్వింటాళ్ళు?" అంది. "ఎకరాకు మూడున్నర పుట్లు" అన్నాడాయన. ట్యాబ్‌లో పుట్టి లేదు. ఆ అమ్మాయిది గుంటూరు. వాళ్ళ వైపు పుట్టి లెక్క వేరు. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. ఆమె తనకు తోచిన లెక్క వేసి కొట్టేసింది. ఆ రైతు ఆ సర్వేలో ఒక పంట పోగొట్టుకున్నాడు, ఇంకో పంట తప్పుగా పండించాడు.

అంకణం కూడా అంతే. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఇంటి స్థలం అడిగే ప్రశ్నలో ఇది తెలియకపోతే ఇల్లు సగమైపోతుంది, లేదా రెట్టింపవుతుంది.

కాబట్టి మీ చేతిలో ఉన్న పని ఇది. సీజన్ పేరు బదులు నెలలు పెట్టమని అడగండి. మనిషి చెప్పిన కొలతను ఆయన చెప్పినట్టే రాసే గడి ఒకటి పెట్టించండి, మార్పిడి లెక్క తర్వాత ఆఫీసులో కట్టుకోవచ్చు. అసలు సర్వేకి ముందు పది ఇళ్ళలో ఫారం నడిపి చూసి, ఎక్కడ మనుషులు తడబడ్డారో రాసి పైకి పంపండి. 'ఫారం తప్పింది' అని రాయండి. 'రెస్పాండెంట్‌కు ప్రశ్న అర్థం కాలేదు' అని రాయకండి.

అనుమతి ఎవరిని అడగాలి? సర్పంచ్‌తో మాట్లాడితే చాలదా?

సర్పంచ్‌ను కలవడం మర్యాద. కానీ ఆయన ఊరందరి తరఫున ఒప్పుకోలేడు. తీరంలో మత్స్యకారుల పల్లెల్లో కుల పెద్దలు కూర్చుని కట్టుబాటు చేస్తారు. పంచాయతీ ఆఫీసులో ఏం రాసినా, అక్కడ తెలియకుండా వెళ్తే ఎవరూ తలుపు తీయరు. ఆ పెద్దల్లో ఆడవాళ్ళు ఉండరు. చేపలమ్మే ఆడవాళ్ళ సంగతి కావాలంటే వాళ్ళనే, వాళ్ళకు కుదిరే వేళలో, విడిగా అడగాలి.

2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనలో ఒక మాట స్పష్టంగా ఉంది: బలవంతం లేకుండా, ముందుగా, అన్నీ తెలిపాక వచ్చిన ఒప్పుకోలే ఒప్పుకోలు. ముందుగా అన్న ముక్కే మన దగ్గర తప్పిపోతుంటుంది. జీపు ఊళ్ళోకి వచ్చేశాక అడిగే అనుమతికి 'వద్దు' అనే జవాబు ఎవరి నోటా రాదు. ఒక వారం ముందు వెళ్ళి చెప్పి, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికి టైమ్ ఇచ్చి, అప్పుడు రండి. వద్దన్న ఊరిని వదిలేయండి. రిపోర్టులో ఆ మాట కూడా రాయండి.

కన్సెంట్ (ఒప్పుకోలు) ఫారం చదివి వినిపించి వేలిముద్ర వేయించుకుంటున్నాం. అది సరిపోతుందా?

కాగితం వరకు సరిపోవచ్చు. మనిషి వరకు సరిపోదు. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు మీద రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు ఆయన మాట తప్పకుండా ఉండడానికట. మన ఊళ్ళలో వేలిముద్ర అంటే ఈనాటికీ అప్పు పత్రం, భూమి పత్రం. ఇంక్ ప్యాడ్ చూడగానే ముసలివాళ్ళ మొహం మారడం నేను చాలాసార్లు చూశాను.

2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు జరిగింది. అందులో హాస్టళ్ళలో ఉండే గిరిజన అమ్మాయిల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఫారాలన్నీ నిండే ఉన్నాయి.

చదవలేని వాళ్ళ విషయంలో, ప్రాజెక్టుతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి ఒకరు ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సాక్షిని వాళ్ళనే ఎంచుకోనివ్వండి. చదివి వినిపించాక "మేం ఎందుకు వచ్చామో మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. "ఇళ్ళు ఇస్తారంట" అని జవాబు వస్తే ఇంకా కన్సెంట్ రానట్టే.

'మాకేం వస్తుంది?' అని అడిగితే ఏం చెప్పాలి?

ఉన్నది చెప్పాలి. చాలాసార్లు జవాబు 'మీకు నేరుగా ఏమీ రాదు' అన్నదే. అది చెప్పడానికి నోరు రాక 'పైకి తెలియజేస్తాం' అంటాం. ఆ మాట విని ఆశపడినవాళ్ళు ఆర్నెల్ల తర్వాత ఇంకో టీమ్‌ను తిట్టి పంపుతారు. న్యాయంగానే.

టైమ్‌కు మాత్రం డబ్బు ఇవ్వాలని నేను పట్టుబడతాను. పూట కూలి పోగొట్టుకుని మనతో కూర్చున్న మనిషికి ఆ పూట కూలి ఇవ్వడం లంచం కాదు. మనం జీతం తీసుకునే పనికి ఆమె ఊరికే కూర్చోవాలనడంలో న్యాయం లేదు. బడ్జెట్ రాసేటప్పుడే ఆ లైన్ పెట్టండి, తర్వాత పెట్టడం కుదరదు.

ఎప్పుడు వెళ్ళినా అరుగుల మీద ముసలివాళ్ళే దొరుకుతున్నారు. ఏం చేయాలి?

వెళ్ళే కాలం మార్చాలి. ప్రకాశం పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పనులకు వలస పోతాయి. సంక్రాంతికి వస్తాయి. మనకు కుదిరిన నెలలో తారు రోడ్డు పక్కనున్న ఇళ్ళు చూసి, ఊరు చూశామంటే ఎలా? రాబర్ట్ ఛాంబర్స్ అనే పరిశోధకుడు దాదాపు నలభై ఏళ్ళ కిందటే ఇది చెప్పాడు: బయటివాళ్ళు రోడ్డు పక్కన, వానలు లేని కాలంలో, మగవాళ్ళతో, ప్రాజెక్టు ఉన్న ఊళ్ళోనే మాట్లాడి వెళ్ళిపోతారని.

## సమాచారం చేతికి వచ్చాక

స్థానిక జ్ఞానాన్ని రాసి పెడితే కాపాడినట్టే కదా?

రాసినంత మాత్రాన కాపాడినట్టు కాదు. ఎవరికోసం రాశాం, రాసింది ఎవరి దగ్గర ఉంది అన్నదాని మీద ఉంటుంది. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. యానాదుల గురించీ అందులో ఉంది. ఆయన మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచేవాడు. ఆ సంపుటాలు ఇప్పటికీ లైబ్రరీల్లో ఉన్నాయి. కొలిపించుకున్నవాళ్ళ మనవళ్ళకు వాటితో ఒరిగింది ఏమిటి?

మన ఎద్దు సంగతి ఇంకా స్పష్టం. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్ళి అక్కడ 'నెల్లోర్' అయ్యాయి. ఆ దేశపు పశుసంపదలో అత్యధిక భాగం ఇప్పుడు ఆ రక్తమే. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతో 1960ల మొదట్లో వెళ్ళిన ఆబోతు అక్కడి పశువుల పెంపకందారులకు పెద్ద పేరు. అక్కడి వియాటినా-19 అనే నెల్లోర్ ఆవు ధర 40 కోట్లు పలికిందని పేపర్లో చదివి మనం సంబరపడ్డాం. ఏ దూడను ఉంచాలి, ఏ దూడను అమ్మాలి, ఏ బీట్లో మేపాలి అని తరాలపాటు ఎంచి ఆ జాతిని తయారుచేసిన రైతుల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళ పచ్చిక బయళ్ళు రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అయ్యాయి, అంటే శిస్తు వేయని సర్కారు భూమి. ఇక్కడ ఇప్పుడు మంచి ఒంగోలు జత చూడాలంటే వెతుక్కుంటూ వెళ్ళాలి.

2002 జీవవైవిధ్య చట్టం, 2010 నగోయా ఒప్పందం ఇలాంటి జ్ఞానం మీద వచ్చే లాభంలో వాటా ఇవ్వాలంటున్నాయి. మీరు మూలికల గురించో, విత్తనాల గురించో రాస్తుంటే ఆ రాత కాపీ ముందు ఆ ఊరి దగ్గర ఉండాలి, తెలుగులో. ఏది బయటపెట్టొచ్చో ఏది వద్దో వాళ్ళు చెప్పాలి.

ఫలితాలు ఊరికి తిరిగి చెప్పాలంటున్నారు. రిపోర్టు పంపితే చాలదా?

నా సొంత తప్పు చెబుతాను. కనిగిరి వైపు కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళ శాంపిళ్ళు తీసే పనిలో ఉన్నాను. సీసాల మీద నంబర్లు వేశాం, లాబ్‌కు పంపాం, ఇంగ్లిషులో రిపోర్టు వచ్చింది, నిధులిచ్చినవాళ్ళకు వెళ్ళింది. దాదాపు రెండేళ్ళ తర్వాత వేరే పని మీద అదే ఊరికి వెళ్తే, బోరు దగ్గర ఒకామె నన్ను గుర్తుపట్టింది. బిందె కింద పెట్టి, "సీసాల్లో నీళ్ళు పట్టకపోయినారే, ఆ నీళ్ళు తాగచ్చా, తాగకూడదా?" అని అడిగింది. జవాబు నా ల్యాప్‌టాప్‌లో రెండేళ్ళుగా ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ బోరు దాన్ని దాటింది. ఆమె ఆ రెండేళ్ళూ ఆ నీళ్ళే తాగింది, పిల్లలకూ పట్టింది.

ఇప్పుడు మా టీమ్‌లో నియమం ఇది. నీళ్ళు, మట్టి, రక్తం, ఏది తీసినా ఫలితం ముందు ఆ ఇంటికి, ఆ ఊరికి వెళ్తుంది. తర్వాతే రిపోర్టు. ఒక కాగితం చాలు: ఏ బోరు, ఎంత, తాగొచ్చా వద్దా, ఎవరిని అడగాలి. చదివి వినిపించండి. వినిపించినప్పుడు వాళ్ళు తప్పులు పట్టుకుంటారు. 'ఆ బోరు స్కూలుది కాదు, దాని పక్కది' అన్న ముక్క మాకు అలాగే తెలిసింది. లోతుగా తవ్వితే మంచి నీళ్ళొస్తాయని నమ్మి గట్టి రాతిలో బోర్లు వేసుకుంటూ పోయిన ప్రాంతమిది. ఎన్ని బోర్లు వేశామన్నది లెక్కలో వచ్చింది. ఆ నీళ్ళలో ఏముందన్నది అందులో రాలేదు.

పేర్లు దాచమంటారు, మళ్ళీ క్రెడిట్ ఇవ్వమంటారు. రెండూ ఎలా కుదురుతాయి?

అడిగితే కుదురుతాయి. అప్పుల గురించి, తాగుడు గురించి చెప్పినవాళ్ళ పేరు దాచాలి. విత్తనం గురించి, వల అల్లకం గురించి చెప్పిన మనిషి తన పేరు ఉండాలని కోరుకోవచ్చు. అందరికీ కలిపి ఒకే నియమం పెట్టడమే తప్పు. 2017లో దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు తమ దగ్గరికి వచ్చే పరిశోధకుల కోసం తామే ఒక నియమావళి రాశారు. గౌరవం, నిజాయతీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతి అని ఐదు మాటల మీద కట్టారు దాన్ని. ఇక ఎన్యూమరేటర్ల పేర్లు వ్యాసంలో ఎందుకు ఉండవో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. ఫారం తప్పులు దిద్దిన పిల్లలకు కనీసం రచయితల వరుసలో చోటు అడగండి.

ఫొటోలు తీయొచ్చా?

అడిగి, చూపించి, వాళ్ళు సరేనన్నదే వాడండి. 1876–78 కరవులో విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఎముకల గూళ్ళైన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లోనే జనం తప్పుబట్టారు. మీ పిల్లాడి ఫొటో ఇలా అచ్చైతే మీకు సరేనా అని ఒక్కసారి అనుకుని కెమెరా తీయండి.

## ప్రాజెక్టు నడిపేటప్పుడు

ఆకలితో ఉన్నవాళ్ళకు సాయం చేయడంలో కూడా వలస ఆలోచన ఉంటుందా?

సాయంలో ఉండదు, సాయం వెనక ఉండే అనుమానంలో ఉంటుంది. మన తీరం వెంబడి పోయే బకింగ్‌హామ్ కాలువ పేరు అప్పటి మద్రాసు గవర్నర్‌ది. 1876–78 కరవులో కాలువ తవ్వకం కరవు పని అయింది. 1877లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరవు పని చేసే మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, దాంతోపాటు ఒక అణా చాలని తేల్చాడు. ఎక్కువిస్తే సోమరులవుతారన్నది భయం. మద్రాసులో ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషనర్ కార్నిష్ అది చాలదని గట్టిగా వాదించాడు, చివరికి పెంచాల్సి వచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లఫ్ ఆ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టు తీసుకుని తన దగ్గరికి వచ్చినవాళ్ళకు పని ఇచ్చాడు. వ్యవస్థ లోపల కూడా మనుషులు రకరకాలుగా ఉంటారు.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత అనుమానం లేదు, తొందర ఉంది. నేను చూసిన పల్లెల్లో ఫైబర్ పడవలు పోటీపడి ఇచ్చారు. చేపలమ్మే ఆడవాళ్ళ తట్టలు, త్రాసులు, చేతిలో తిరిగే పెట్టుబడి ఏ సంస్థ లిస్టులోనూ లేవు. పడవ ఫొటోలో కనిపిస్తుంది, తట్ట కనిపించదు. 'ఏం పోయింది?' అని ఇంటింటా అడిగి ఉంటే మొదటి రోజే తెలిసేది.

నిధులు నేరుగా చిన్న సంస్థలకు ఇస్తే సమస్య తీరుతుందా?

కొంత తీరుతుంది. 2016లో 'గ్రాండ్ బార్గెయిన్' పేరుతో పెద్ద దాతలు, సంస్థలు కలిసి 2020 నాటికి విపత్తు సాయంలో 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు చేరుస్తామన్నాయి. అది జరగలేదు. మన దేశంలో ఇంకో ఇబ్బంది ఉంది. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఆఫీసు ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. కాబట్టి పెద్ద సంస్థ దగ్గర తీసుకుని కందుకూరులో చిన్న సంఘానికి ఇచ్చే దారి మూసుకుపోయింది. చట్టం లోపల చేయగలిగింది చేయండి: ఊరి మనుషులను నేరుగా జీతం మీద తీసుకోండి, రెండు నెలల కాంట్రాక్టులు కాకుండా ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ ఉంచండి, బడ్జెట్ ఇంత అని వాళ్ళకు చూపించండి. బడ్జెట్ చూడని మనిషి 'పార్ట్‌నర్' ఎలా అవుతాడు?

ఊరివాళ్ళు ప్రాజెక్టు దారినే మార్చేస్తే?

మారనివ్వండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. లక్ష్యం రాయడం, చదవడం. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడికి రావడం మొదలుపెట్టాక, అక్కడ కూర్చుని వాళ్ళు మాట్లాడుకున్నది సారా గురించి. కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయో లెక్క కట్టారు. ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ళ కథ తర్వాతి వాచకంలో పాఠమైంది, అది చదివి పక్క ఊళ్ళు లేచాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

అక్షరాస్యత కార్యక్రమం నడిపినవాళ్ళు 'ఇది మా సిలబస్‌లో లేదు' అని ఉంటే? అనకపోవడం వాళ్ళ గొప్పతనం. లాగ్‌ఫ్రేమ్‌లో, అంటే ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు రాసే పట్టికలో, 'ఇతరములు' అన్న గడి ఒకటి ఖాళీగా ఉంచి, దానికి కొంత బడ్జెట్ పెట్టమని నేను అడిగేది ఇందుకే.

నేను జూనియర్‌ని. పైవాళ్ళు వినరు. ఒక్కదాన్ని ఏం చేయగలను?

ప్రతి ఇంటర్వ్యూ చివర ఒక ప్రశ్న చేర్చండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు: "నన్ను మీరేమైనా అడగాలా?" అని అడిగి, ట్యాబ్ పక్కన పెట్టి కూర్చోండి. మొదట్లో మౌనం ఉంటుంది, కంగారుపడొద్దు. వాళ్ళు అడిగినవన్నీ విడిగా నోటు పుస్తకంలో రాసుకుని నెలకోసారి పైకి పంపండి.

నేను మొదటిసారి అలా అడిగింది కందుకూరు దగ్గర ఒక అవ్వను. ఆమె కొంగు సర్దుకుని, నేను అడిగిన వరసలోనే మొదలుపెట్టింది. "మీ ఇంట్లో ఎంతమంది పాపా? నీకు జీతమెంత? అప్పులుండాయా? మీరు తాగే నీళ్ళు యాడివి? ఈ కాగితాలు ఎవురికిస్తావు?" అన్నింటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను, హౌసింగ్ లోను సంగతితో సహా. కాసేపు ఊరుకుంది. తర్వాత, "ఇందాక అప్పు లేదన్నాను గదా, అది కొట్టెయ్యి. ఉండాది, రాసుకో" అంది. భూమి లెక్క కూడా మార్చి చెప్పింది.